వ్యవసాయ డిప్లొమాలో చేరుతున్నారా? ముందు ఒక మడి చూసుకోండి

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మా రైతువేదికలో అడిగే ప్రశ్నలు మారిపోతాయి. విత్తనాల సంగతి పక్కన పెట్టి, "మేడం, మా పోరన్ని అగ్రికల్చర్ల ఏద్దామనుకుంటున్న. నౌకరి అస్తదా?" అంటారు. నేను పరకాల వైపు ఒక క్లస్టర్‌లో ఏఈవోని, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని. జగిత్యాల దగ్గర పొలాసలో రెండేళ్ల డిప్లొమా చదివి ఈ పనిలోకి వచ్చాను. నౌకరి వస్తుందో రాదో నోటిఫికేషన్ల మీద ఆధారపడిన సంగతి, దానికి నేను హామీ ఇవ్వలేను. ఆ రెండేళ్లు ఎలా చదివితే చేతికి పని వస్తుందో మాత్రం చెప్పగలను. ఈ ఏడు మా అక్క బిడ్డ కూడా చేరుతోంది. దానికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

చేరే దారి

డిప్లొమాలో సీటు పాలిసెట్ ర్యాంకుతో వస్తుంది, పదో తరగతి అయ్యాక రాసే ప్రవేశ పరీక్ష అది. ఆ పరీక్షలో గణితం 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, బయాలజీ 30 మార్కులు. ఇంజనీరింగ్ పాలిటెక్నిక్‌కు వెళ్లేవాళ్లు బయాలజీని పట్టించుకోరు. మీరు అలా చేయకూడదు, వ్యవసాయ కోర్సులకు చూసే ర్యాంకులో అది కలుస్తుంది. పదో తరగతి జీవశాస్త్రం పుస్తకాన్ని మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా రెండుసార్లు చదివితే చాలావరకు సరిపోతుంది.

పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది పరీక్షలో కాదు, పరీక్ష అయ్యాక. పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ తేదీలు పేపర్లో వస్తాయి, అందరూ వాటినే చూస్తూ కూర్చుంటారు. వ్యవసాయ డిప్లొమాకు అది వర్తించదు. రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తన నోటిఫికేషన్ తాను ఇస్తుంది, దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ర్యాంకు మంచిగా వచ్చి కూడా ఈ సంగతి తెలియక ఊరుకున్న పిల్లలు మా మండలంలో ఉన్నారు. ఫలితాలు వచ్చిన రోజు నుంచి విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌ను రెండు రోజులకోసారి చూడండి. పల్లె బడుల్లో చదివిన పిల్లల కోసం పెట్టిన చదువు ఇది, కాబట్టి ఏ తరగతి ఏ ఊళ్లో చదివారో చూపించే స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఒకటో తరగతి నుంచి పది దాకా అన్నీ ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఊరి బడి మూతపడితే మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తెచ్చుకుంటే చివరి వారం టెన్షన్ ఉండదు.

వ్యవసాయం ఒక్కటే కాదు. విత్తన సాంకేతికతలో, సేంద్రియ వ్యవసాయంలో రెండేళ్ల డిప్లొమాలు ఉన్నాయి, వ్యవసాయ ఇంజనీరింగ్‌లో మూడేళ్లది ఉంది. పండ్లు, కూరగాయలు, పూల మీద మనసుంటే ఉద్యాన డిప్లొమా చూసుకోండి. అది శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉంటుంది. ఆ విశ్వవిద్యాలయం ములుగులో ఉందని చెబితే మా దగ్గరి వాళ్లు మేడారం బస్సెక్కుతారు. అది మన ములుగు జిల్లా కాదు, సిద్దిపేట జిల్లా ములుగు. ఇక వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నదేమో ములుగు రోడ్డులో. మూడూ వేర్వేరు చోట్లు, అడ్రసు చదివి కదలండి.

ఇల్లు వదిలి పోలేనివాళ్లకు ఇంటర్ ఒకేషనల్‌లో పంటల ఉత్పత్తి కోర్సు ఉంది, సీపీ అండ్ ఎం అంటారు. మంచిదే. డాక్టర్ కావాలన్న కోరిక మనసులో ఏ మూలనైనా ఉంటే మాత్రం డిప్లొమాలోకి రావద్దు, బైపీసీలో చేరండి. డిప్లొమా మధ్యలో ఆ కోరిక లేస్తే రెండేళ్లు పోయినట్టే.

మడి

చేరిన వారం లోపల చేయాల్సిన పని ఒకటుంది. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా చూడగలిగే ఒక మడి ఎంచుకోండి. హాస్టల్ పక్కన ఎవరిదైనా పొలం ఉంటే ఇంకా మంచిది, వారం వారం చూడొచ్చు. కాలేజీ ఫారంలో ప్రాక్టికల్స్‌కు ఇచ్చే మడి ఎలాగూ ఉంటుంది, నేను దాని గురించి చెప్పడం లేదు. అక్కడ విత్తనం, ఎరువు, నీళ్లు, మందు అన్నీ సమయానికి వస్తాయి. కూలీలు దొరకని వారం, మోటరు కాలిన వారం, అప్పు పుట్టక యూరియా పది రోజులు ఆలస్యమైన వారం అక్కడ కనపడవు. కాబట్టి మీది కాని మడి, రైతు తన తిప్పలు తాను పడే మడి కావాలి. రెండు గుంటలు చాలు. ఆ రైతును ఒక మాట అడగండి, ఎవరూ వద్దనరు. "ఏం జూస్తవ్ బిడ్డా, గడ్డే గదా" అని నవ్వుతారు, అంతే.

ఒక నోటుబుక్కు, ఒక పెన్సిల్, ఒక టేపు, పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం తీసుకోండి. పెన్ను వద్దు, ముసురు పట్టిన రోజు సిరా అంతా కారిపోతుంది. తేదీ పక్కన కార్తె రాయండి. మా రైతులు జూన్ 8 అనరు, మృగశిర అంటారు. రెండూ రాసుకుంటే రేపు వాళ్లతో మాట్లాడేటప్పుడు లెక్క కుదురుతుంది. వెళ్లిన ప్రతిసారీ రాయాల్సినవి: పైరు ఎత్తు, ఆకుల సంఖ్య, పిలకలు, మడిలో నీళ్ల లోతు, ఏ కలుపు ఎంత ఉంది, ఏ పురుగు కనిపించింది, రైతు ఈ వారం ఏం వేశాడు, ఎంతకు కొన్నాడు. చివరిదాన్ని పిల్లలు వదిలేస్తారు. వ్యవసాయ ఆర్థికశాస్త్రం పరీక్షకు సాగు ఖర్చు లెక్క రాయాల్సి వచ్చినప్పుడు పుస్తకంలోని అంకెలు బట్టీ పట్టక్కర్లేదు, మీ నోటుబుక్కులోనే ఉంటాయి.

కొలతలు ముందుగా వంటపట్టించుకోవాలి. పుస్తకం హెక్టార్లలో మాట్లాడుతుంది, రైతు ఎకరాలు, గుంటల్లో. హెక్టారుకు దాదాపు రెండున్నర ఎకరాలు, ఎకరానికి 40 గుంటలు, గుంటకు 101 చదరపు మీటర్లు. అంటే పది మీటర్లు పొడవు, పది మీటర్లు వెడల్పు కొలిస్తే ఇంచుమించు ఒక గుంట. మీటరు పొడవున్న నాలుగు వెదురు బద్దలు కట్టి ఒక చట్రం చేసుకోండి. వరి 20 సెంటీమీటర్ల సాళ్లలో, సాలులో 15 సెంటీమీటర్ల దూరంతో నాటితే ఆ చట్రంలో 33 కుదుళ్లు రావాలి. కూలీలు గుత్తకు, తాడు పట్టకుండా నాటిన మడిలో చట్రం వేసి లెక్కపెట్టండి, మడిలో మూడు చోట్ల. దిగుబడి ఎక్కడ పోతోందో పురుగు రాకముందే తెలిసిపోతుంది. పత్తి చేను అయితే ఇంకా తేలిక. మూడు అడుగుల సాలు, రెండు అడుగుల ఎడం అంటే మొక్కకు ఆరు చదరపు అడుగులు. ఎకరం 43,560 చదరపు అడుగులు కాబట్టి 7,260 మొక్కలు ఉండాలి. వంద అడుగుల సాలులో 50 ఉండాల్సిన మొక్కలు ఎన్ని ఉన్నాయో చూసి ఎకరానికి లెక్కగట్టండి.

ఆకు చదవడం

రెండేళ్లలో నేర్చుకునే వాటిలో నాకు ఇప్పటికీ రోజూ పనికొచ్చేది ఇదే. రైతు ఒక మొక్క పీక్కొచ్చి బల్ల మీద పెట్టి "ఇదేంది మేడం?" అంటాడు. పురుగా, తెగులా, పోషకం లోపమా అని తేల్చకుండా మందు పేరు చెప్పకూడదు.

పసుపు రంగు కనపడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ముదురు ఆకా, లేత ఆకా? నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదులుతాయి. అవి చాలనప్పుడు మొక్క వాటిని కింది ముదురు ఆకుల్లోంచి గుంజుకుని పైన లేత ఆకులకు పంపుతుంది. అందుకే వీటి లోపం కింది ఆకుల్లో ముందు కనపడుతుంది. ఇనుము, కాల్షియం, గంధకం, బోరాన్ అంత తేలికగా కదలవు. ఇవి తక్కువైతే పైన పుట్టే కొత్త ఆకు పాలిపోయి పుడుతుంది. ఈ ఒక్క సూత్రం అర్థమైతే నేలశాస్త్రం పుస్తకంలోని లోపాల పట్టిక సగం దానంతట అదే గుర్తుంటుంది.

దీన్ని నేర్చుకోవడానికి మక్క చేనును మించింది లేదు. కింది ఆకు కొస నుంచి మధ్య ఈనె వెంబడి వి ఆకారంలో పసుపు దిగితే నత్రజని లోపం. అదే కింది ఆకు అంచులు మాత్రం కాలినట్టు ఎండితే పొటాష్. లేత పైరు ఆకులు ఊదా రంగుకు తిరిగితే భాస్వరం. మూడూ ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే గెట్టుకు అటూ ఇటూ కనపడతాయి. ఫోటో తీసి నోటుబుక్కులో తేదీ రాయండి.

జింకు ఈ సూత్రానికి పూర్తిగా లొంగదు. వరి నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, పైరు ఎదగకుండా గిడసబారుతుంది. రైతు తెగులనుకుని మందు కొడతాడు, తగ్గదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి కొడితే వారంలో పైరు తేరుకుంటుంది. ఎకరాకు 20 కిలోలు దుక్కిలో వేసుకుంటే మూడు పంటల దాకా చూసుకోనక్కర్లేదు. అయితే భాస్వరం ఉన్న డీఏపీ ఎరువుతో కలిపి వేయొద్దు, భాస్వరం పట్టుకున్న జింకు మొక్కకు అందదు.

పత్తి ఆకు ఎర్రబడితే ఇంకో చిక్కు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం ఎర్రబడితే మెగ్నీషియం. ఆకు అంచులు కిందికి ముడుచుకుని, ముందు పసుపు, తర్వాత ఎరుపు తిరిగితే ఆకు తిప్పి చూడండి, కింద పచ్చదోమ పక్కకు పక్కకు నడుస్తూ ఉంటుంది. తిప్పకుండా చెప్పిన సలహాతో రైతుకు వెయ్యి రూపాయల మందు దండగ.

మిర్చి మన జిల్లాల బంగారం, దాని ముడతలు మాత్రం రెండు రకాలు. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే తామర పురుగు. కిందికి ముడిస్తే నల్లి. రెంటికీ మందులు వేరు. తామర పురుగు మందు నల్లి మీద పనిచేయదు, పైగా నల్లిని తినే మిత్ర పురుగులను చంపి దాన్ని పెంచుతుంది. 2021లో వచ్చిన నల్ల తామర పురుగు పువ్వుల్లో దూరి, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు తోటలకు తోటలను పూత నిలవకుండా చేసింది. దాన్ని చూడాలంటే పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులపండి, చిన్న నల్ల గీతల్లా పరుగెత్తుతాయి. భూతద్దం కొనుక్కోమన్నది ఇందుకే.

వరిలో మూడు పరీక్షలు చేతికి అలవాటు చేసుకోండి. తెల్ల కంకి కనపడితే పట్టి లాగండి. తేలికగా ఊడొస్తే మొగిపురుగు, అంటే పుస్తకంలో కాండం తొలుచు పురుగు. ఊడకుండా కంకి మెడ దగ్గర గోధుమ, నలుపు మచ్చ ఉండి విరిగితే అగ్గితెగులు, దీన్నే మెడవిరుపు అంటారు. ఆకు అంచుల వెంట ఎండుతూ వస్తుంటే ఒక ముక్క కోసి గాజు గ్లాసులో మంచినీళ్లలో నిలబెట్టండి. కోసిన చోటు నుంచి పాలలాంటి జిగురు దిగితే బ్యాక్టీరియా ఎండాకు తెగులు. అప్పుడు శిలీంద్రపు మందుతో పని లేదు, ముందు యూరియా ఆపమనాలి. ఏ ల్యాబూ అక్కర్లేని పరీక్ష ఇది. వైవాలో అడిగితే గ్లాసు సంగతి చెప్పండి, ఎగ్జామినర్ ముఖం మారుతుంది.

పేర్లలోని ఊళ్లు

వరి రకాల పేర్లు పిల్లలకు బెదురు పుట్టిస్తాయి. నిజానికి అవి ఊళ్ల పేర్లు. జేజీఎల్ అంటే జగిత్యాల, డబ్ల్యూజీఎల్ వరంగల్, కేఎన్ఎం పెద్దపల్లి జిల్లా కూనారం, ఆర్ఎన్ఆర్ రాజేంద్రనగర్, ఎంటీయూ మారుటేరు, బీపీటీ బాపట్ల. జేజీఎల్ 1798 జగిత్యాల సన్నాలు, డబ్ల్యూజీఎల్ 44 సిద్ధి, కేఎన్ఎం 118 కూనారం సన్నాలు, ఆర్ఎన్ఆర్ 15048 తెలంగాణ సోన, ఎంటీయూ 1010 కాటన్‌దొర సన్నాలు, బీపీటీ 5204 సాంబ మసూరి. పేరుతో ఆగకుండా ఒక్కో రకం ఎందుకు పుట్టిందో అడగండి. ఉత్తర తెలంగాణలో ఉల్లికోడు బెడద. కుదురులో పిలక ఉల్లి కాడలా గొట్టమై కంకి రాకుండా పోతుంది. దాన్ని తట్టుకునే సన్న రకాల కోసం జగిత్యాల, వరంగల్ స్థానాలు పనిచేశాయి, జగిత్యాల సన్నాలు అలా వచ్చిందే. సాంబ మసూరికి అన్నం రుచి ఉంది కానీ పురుగును, తెగులును తట్టుకునే బలం తక్కువ. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ లోపం తీర్చడానికి కలిపారు అని చదివితే జన్యుశాస్త్రం ఎక్కుతుంది.

ఇంకా బాగా ఎక్కాలంటే యాసంగిలో హుజూరాబాద్, జమ్మికుంట వైపు హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి పొలాలకు వెళ్లండి. రైతులు ఆడ–మగ వరి అంటారు. ఆడ సాళ్లలోని మొక్కకు సొంత పుప్పొడి పనిచేయదు, పక్కన మగ సాళ్ల నుంచి గాలికి రావాలి. గాలి చాలదు కాబట్టి పూత సమయంలో పొద్దున పది దాటాక పుప్పొడి రాలేలా తాడు లాగుతారు, కర్రలతో కదుపుతారు. మగ వంధ్యత్వం అన్న పాఠాన్ని తరగతిలో గంటసేపు విన్నా రానిది అక్కడ పది నిమిషాల్లో వస్తుంది. ఆ పొలాల్లో పనిచేసే ఆడవాళ్లను అడగండి, ఆడ, మగ పూత ఒకేసారి రావడానికి నారు ఎన్ని రోజుల తేడాతో పోయాలో చెబుతారు.

ఎరువు లెక్క

పరీక్షలో తప్పకుండా వస్తుంది, ఉద్యోగంలో రోజూ వస్తుంది. వరికి హెక్టారుకు 120–60–40 అని పుస్తకంలో ఉందనుకోండి. ఎకరాకు మార్చితే నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. యూరియాలో నత్రజని 46 శాతం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతం. ఎప్పుడూ భాస్వరంతో మొదలుపెట్టండి. 24 కిలోల భాస్వరానికి 52 కిలోల డీఏపీ, అంటే ఒక బస్తా, దాని మీద రెండు కిలోలు. అందులోనే 9 కిలోల నత్రజని వచ్చేసింది. మిగిలిన 39 కిలోలకు 85 కిలోల యూరియా, 45 కిలోల బస్తాలు రెండు తెస్తే కొంచెం మిగులుతుంది. పొటాష్ 27 కిలోలు, అర బస్తా పైచిలుకు.

ఇక్కడ ఒక మాట. భాస్వరం నేలలో కదలదు, అందుకే మొత్తం దుక్కిలో లేదా ఆఖరి దమ్ములో వేయాలి. నాటిన నెలకు డీఏపీ పైపాటుగా చల్లడం మా దగ్గర పెద్ద అలవాటు. "పచ్చగైతది మేడం" అంటారు. పచ్చబడేది అందులోని నత్రజనితో, దానికి యూరియా చాలు. ఈ సంగతి రైతుకు చెప్పడం లెక్క చేయడం కన్నా కష్టం.

మందుల లెక్క కూడా ఇలాంటిదే. లీటరుకు 2 మిల్లీలీటర్లు అంటే, ఎకరాకు 200 లీటర్ల నీళ్లతో 400 మిల్లీలీటర్లు. రైతు 16 లీటర్ల పంపుతో ఎనిమిది పంపులు కొట్టి ఎకరం అయిపోయిందంటాడు. అది 128 లీటర్లే. మోతాదు సీసా మూతతో పోస్తాడు కాబట్టి మూతలో ఎంత పడుతుందో మీరు కొలిచి చూడండి. డబ్బా మీద రంగు త్రిభుజం కూడా చదవాలి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉందని చేతితో కలపడం తప్పు.

నేల పరీక్షకు మట్టి తీయడం ఎండాకాలంలోనే నేర్చుకోండి. దుబ్బ, చెలక, రేగడి నేలలు ఒకే పట్టాలో ఉంటే వేర్వేరు నమూనాలు తీయాలి. గెట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప పోసిన చోట తీయొద్దు. ఎనిమిది, పది చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత తవ్వి, అంచు నుంచి పై నుంచి కింది దాకా ఒకే మందంలో మట్టి గీసి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి, నీడలో ఆరబెట్టాలి.

బతుకమ్మ, హెర్బేరియం

హెర్బేరియం అంటే మొక్కలను ఎండబెట్టి, పేర్లు రాసి దాచే రికార్డు. దాన్ని పరీక్ష ముందు రాత్రి పక్కవాడిది చూసి చేస్తారు చాలామంది. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ఇంటికొచ్చినప్పుడు మొదలుపెడితే, బతుకమ్మ పేర్చే పువ్వులతోనే సగం పని పండుగలో అయిపోతుంది. తంగేడు సెన్నా ఆరిక్యులేటా, పాత పుస్తకాల్లో కాసియా అని ఉంటుంది, చిక్కుడు కుటుంబం. గునుగు సిలోసియా అర్జెంటియా, తోటకూర కుటుంబం. పత్తి చేనులో అది కలుపు, పీకి పారేస్తారు. అదే గునుగు కోసం పండుగకు అందరూ చెలకల వెంట తిరుగుతారు. గుమ్మడిలో ఆడ పువ్వు, మగ పువ్వు వేరు, ఆడ పువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. రెండూ కోసి పక్కపక్కన పెడితే ఏకలింగ పుష్పం అన్న మాటకు వివరణే రాయక్కర్లేదు. వేరుతో సహా తీసిన మొక్కను పాత పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, మొదటి వారం రోజూ పేపర్లు మార్చండి. మార్చకపోతే బూజు పడుతుంది. కింద ఊరి పేరు, తేదీ, నేల రకం, స్థానిక పేరు, శాస్త్రీయ నామం రాయాలి.

పురుగుల పెట్టెకు ఒకటే సూచన: పెంకు పురుగుకు గుండుసూది కుడి రెక్క మీద గుచ్చాలి, సీతాకోకచిలుకకు ఛాతీ మధ్యలో. పెట్టె మూలల్లో నాఫ్తలీన్ గోళీలు మరవకండి, లేకపోతే చీమలు మీ మార్కులు తినేస్తాయి.

ఇంగ్లిష్ పేర్లకు భయపడేవాళ్లు పేజీలో నిలువు గీతలు గీసుకుని ఊళ్లో మాట, పుస్తకంలో తెలుగు మాట, ఇంగ్లిష్, శాస్త్రీయ నామం పక్కపక్కన రాసుకోండి. పల్లి, వేరుశనగ, గ్రౌండ్‌నట్, అరాచిస్ హైపోజియా. వారానికి పది రాసినా రెండేళ్లకు చాలా పోగవుతాయి.

చదువు అయ్యాక

బీఎస్సీ వ్యవసాయానికి దారి అగ్రిసెట్, డిప్లొమా చదివినవాళ్లు రాసే ప్రవేశ పరీక్ష. సీట్లు తక్కువ, పోటీ గట్టిది, ప్రశ్నలు డిప్లొమా పాఠాల నుంచే వస్తాయి. మొదటి సెమిస్టర్ నోట్సు పారేసుకున్నవాళ్లు అక్కడ బాధపడతారు. ఏఈవో పోస్టులకు డిప్లొమా అర్హత ఉంది, కానీ డిగ్రీ చదివినవాళ్లు కూడా అదే వరుసలో నిలబడతారు. ఒకటి ముందే తెలుసుకోండి: ఈ ఉద్యోగంలో పొలం ఎంతో ఫోన్‌లో ఎంట్రీలూ అంతే. పంటల నమోదు, రైతు బీమా కాగితాలు, మీటింగులు. 2018 నుంచి ఉన్న రైతు బీమాలో, చనిపోయిన రైతు ఇంటికి 5 లక్షలు అందేలా కాగితాలు కుదిర్చిన రోజు, ఏ మందు చెప్పిన రోజు కన్నా తృప్తిగా ఉంటుంది నాకు. ఆడపిల్లలు పొలాల్లో ఎట్ల తిరుగుతారని అడిగే తల్లిదండ్రులకు, నా బండి వచ్చి చూడమంటాను.

విత్తన కంపెనీల్లో ఫీల్డ్ పనులు కరీంనగర్, వరంగల్ వైపు దొరుకుతాయి. తిరుగుడు ఎక్కువ, విత్తనోత్పత్తి పొలాలు చూసినవాళ్లకు ఇంటర్వ్యూ తేలిక. వెళ్లే ముందు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక పొద్దంతా గడపండి, పత్తి సీజన్‌లో ఒకసారి, మిర్చి సీజన్‌లో ఒకసారి. సీసీఐ, అంటే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ, పత్తి కొనేటప్పుడు తేమ 8 నుంచి 12 శాతం దాకా చూస్తుంది. మీటరు గుచ్చగానే అంకె ఎంత వస్తుందో, రైతు ముఖం ఎట్ల మారుతుందో చూస్తే, ఆరబెట్టడం గురించి పుస్తకం ఎందుకు అంత రాసిందో తెలుస్తుంది.

ఇప్పటికే ఎరువుల, మందుల దుకాణంలో కూర్చునేవాళ్లకు రెండేళ్ల కాలేజీ కుదరదు. వాళ్ల కోసం డేసి అని ఒక ఏడాది డిప్లొమా ఉంది. రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ 2003లో మొదలుపెట్టింది. 48 వారాలు, వారానికి ఒక రోజు, ఆదివారం గానీ మార్కెట్ సెలవు రోజు గానీ తరగతి. అందులో 40 తరగతి గదిలో, 8 పొలాల్లో. జిల్లా వ్యవసాయాధికారి ఆఫీసులో గానీ, రైతు శిక్షణలు చూసే జిల్లా సంస్థ ఆత్మ ఆఫీసులో గానీ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో అడగండి. ఆ కోర్సు చేసే దుకాణదారులు నన్ను అడిగితే మిర్చి ముడతలతో మొదలుపెట్టమంటాను. సీజన్‌లో కౌంటర్ మీదికి రోజూ వచ్చే ఆకు అదే, పైకి ముడిచిందా కిందికి ముడిచిందా అన్నదాన్ని బట్టే డబ్బా తీయాలి.